కారు స్టార్ట్ కాకపోతే ముందుగా హెడ్‌లైట్లు చూడండి
కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో కారు ఉంచుకునేవారు, ఉదయం తాళం తిప్పినా ఇంజిన్ కదలకపోతే, కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు హెడ్‌లైట్లు వేసి, మళ్ళీ తాళం తిప్పుతూ ఆ వెలుగును గమనించాలి. వెలుగు బాగా తగ్గిపోతే బ్యాటరీలో ఛార్జి లేకపోవచ్చు, లేదా టెర్మినళ్ళ (బ్యాటరీపై వైర్లు బిగించే కొసల) పట్టు వదులై ఉండవచ్చు. వెలుగు తగ్గకుండా టక్కుమని ఒక్క శబ్దమే వస్తే ఇంజిన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటారును అనుమానించాలి. ఇంజిన్ చురుగ్గా తిరుగుతున్నా అంటుకోకపోతే అది సాధారణంగా ఇంధనానికో, పెట్రోలు బండిలోనైతే స్పార్కుకో సంబంధించిన లోపం.

మన తీరంలో నేను ముందుగా చూడమనేది టెర్మినళ్ళనే, ఎందుకంటే బ్యాటరీ ఆమ్లపు ఆవిరికి ఉప్పుగాలి తోడై అక్కడ తెల్లగా, నీలిపచ్చగా పొడి పేరుకుని, మంచి బ్యాటరీని కూడా చచ్చినట్టు చూపిస్తుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ వైరు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో పాత టూత్‌బ్రష్షు పెట్టి రుద్ది, పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, నెగెటివ్‌ను చివరగా బిగించాలి. సోడానీరు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి. ఆ తర్వాత కూడా, రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ మల్టీమీటరులో (వోల్టులు కొలిచే పరికరంలో) నిండు ఛార్జికి ఉండాల్సిన 12.6 వోల్టులకు బదులు 12 కంటే తక్కువ చూపిస్తే, దాన్ని ఛార్జి చేయించి పరీక్షింపజేయాలి.