బీరువాలో ఎడమ పక్క

బీరువా నిండా బట్టలే, తీరా బయటికి వెళ్లేటప్పుడు కట్టుకోవడానికి ఒక్కటీ దొరకదు. రోజూ ఇదే టెన్షన్. అందుకే ఉగాదికి బట్టలన్నీ కుడి పక్కకు జరిపి, ఎడమ పక్క జానెడు ఖాళీ ఉంచాను. కట్టి ఉతికినవి ఎడమ పక్కే పెట్టాలి, అంతే. ఆరు నెలలకు, బతుకమ్మ పండుగ నాటికి, కుడి పక్క 19 కదలకుండా మిగిలాయి. జాకెట్ బిగుతై మూలన పడ్డ 4 చీరలకు కుట్లు విప్పించి ఉంచుకున్నా, మిగతావి ఇచ్చేశా. ఎడమ పక్క చేరినవి దాదాపు అన్నీ నూలువే. పాలమూరు ఎండలకు మరేం కడతాం! ఇప్పుడు కొత్తది కొనేముందు ఆ పక్కే చూసుకుంటున్నా.

గద్వాల, నారాయణపేట పట్టు చీరలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అవి ఏ పెళ్లికో తీసేవి. విడిగా పెట్టి, 3 నెలలకోసారి మడత మార్చండి, లేదంటే మడత దగ్గర జరీ చిట్లుతుంది.