కూలింగ్ గ్లాసెస్ వారంటీ క్లెయిమ్: నాకు పని ఎలా అయిందంటే

నా కూలింగ్ గ్లాసెస్ ఎడమ కాడ (చెవి మీద ఆనే పుల్ల) కీలు దగ్గర ఊగుతోంది, పైగా అద్దం అంచున కోటింగ్ పొరలా లేస్తోంది. కింద పడలేదు, ఎవరూ మీద కూర్చోలేదు. కంపెనీకి రాస్తే "వాడకం వల్ల వచ్చిన అరుగుదల, వారంటీ వర్తించదు" అని జవాబు, అదీ ఫొటో సరిగ్గా చూడకుండానే.

వారంటీ కాగితం బయటకు తీసి చదివాను. గీతలు పడినా, విరిగినా మామూలుగా కవర్ చేయరు, తయారీ లోపమైతేనే చేస్తారు, కాబట్టి ఉత్తినే "పాడైంది" అంటే సరిపోదు, లోపం ఎక్కడుందో చూపించాలి. కోటింగ్ లేచిన చోట గీత లేదని తెలిసేలా పగటి వెలుతురు పక్కనుంచి పడేటట్టు పెట్టి దగ్గరగా ఫొటో తీశాను. కాడ లోపలివైపు సన్నగా మోడల్ నంబర్, రంగు కోడ్, 58 14 135 లాంటి అంకెలు ఉంటాయి చూడండి (అద్దం వెడల్పు, ముక్కు మీద రెండద్దాల మధ్య దూరం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో), అదీ ఫొటో తీసి బిల్లుతో కలిపి పెట్టాను. స్క్రూ పూర్తిగా బిగించినా కీలు ఊగుతోందని చిన్న వీడియో కూడా. అసలు పని చేసింది ఆ వీడియోనే అని నా అనుమానం.

ఈలోపు సూపర్ గ్లూ జోలికి మాత్రం వెళ్లకండి. దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి మసక పడుతుంది, పైగా సొంతంగా రిపేర్ చేశారని క్లెయిమ్ కొట్టేస్తారు.

అదే పాత మెయిల్‌కి రిప్లైగా ఇవన్నీ పంపి, ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పమన్నాను. వాళ్లు నిబంధన చెప్పలేదు, కళ్లజోడు పంపమన్నారు. కాడ, అద్దాలు రెండూ మార్చి ఇచ్చారు.