పాత కత్తెరలు – 3వ పాఠం: తుప్పు వదిలించడం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీరు పోగేసిన పాత కత్తెరల్లో, పాడైనా పెద్దగా బాధపడనిదాన్ని ఒకటి తీసి పక్కన పెట్టమన్నాను. ఇవాళ దానితోనే పని. ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న పెద్ద దర్జీ కత్తెరని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. నేను ముట్టుకుని చెడగొట్టాను. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు తుప్పుని సరిగ్గా చూడాలి. పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకి ఎర్రటి పొడి అంటితే అది ఇంకా తింటున్న తుప్పు, దాన్ని తీసెయ్యాల్సిందే. ఏమీ అంటకుండా బూడిద రంగులోనో ముదురు గోధుమ రంగులోనో నున్నగా మరక ఉంటే అది వయసు రంగు. ఉక్కుకి దానివల్ల చెరుపేమీ లేదు, నేనైతే ఉంచేస్తాను. పాత కత్తెరని కొత్త గిన్నెలా తళతళలాడించడం నాకు నచ్చదు కూడా. ఇక గోరుతో గీస్తే చిన్న చిన్న గుంటలు తగులుతుంటే అక్కడ ఉక్కు అప్పటికే పోయింది. తుప్పు తీసినా గుంట ఉండిపోతుంది. అలాంటి గుంట వీపు మీద ఉంటే ఫర్వాలేదు. సరిగ్గా పదును అంచు మీద ఉంటే ఆ కత్తెర బట్టలో దారాలు లాగేస్తుంది.

పూత ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. స్టెయిన్‌లెస్ ఉక్కుని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారు చేసింది 1913లో. అంతకంటే పాతవన్నీ మామూలు ఉక్కువే, చాలావాటికి పైన నికెల్ పూత ఉంటుంది. పూత పొరలుగా లేస్తుంటే ఎమరీ పేపర్ (గరుకు కాగితం) పెట్టకండి. మిగిలిన పూత కూడా పోయి కత్తెర మచ్చలమచ్చలుగా తేలుతుంది. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండగా నలిపి, నీళ్లలో తడిపి నెమ్మదిగా రుద్దితే చాలు. అల్యూమినియం ఆ పూత కంటే మెత్తన కాబట్టి గీతలు పడే భయం తక్కువ.

ఇప్పుడు విప్పడం. విప్పే ముందు రెండు వైపులా ఫోటో తీసుకోండి, స్క్రూ తల ఏ వైపు ఉందో తర్వాత గుర్తుండదు. స్క్రూ దగ్గర రెండు చుక్కలు పల్చటి నూనె వేసి ఒక రాత్రి వదిలెయ్యండి. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో నిండుగా పట్టాలి. సన్నటిది పెట్టి తిప్పితే గాడి చెదిరిపోతుంది, అలాంటి స్క్రూ మళ్లీ దొరకడం కష్టం. తిప్పే ముందు వెనక వైపు కూడా చూడండి. కొన్ని పాత కత్తెరల్లో స్క్రూ చివరని సుత్తితో కొట్టి వెడల్పు చేసి ఉంటారు. అలా ఉన్నా, స్క్రూ బదులు రివెట్ (గాడి లేకుండా కొట్టి బిగించిన మేకు) ఉన్నా విప్పొద్దు. బలవంతం చేస్తే మర అరిగిపోతుంది.

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. కత్తెర మూసి, దీపానికి ఎదురుగా అంచు వైపు నుంచి చూడండి. రెండు అలుగుల (కోసే రేకుల) మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. అవి కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి, లోపలి వైపు కాస్త పల్లంగా ఉంటుంది. అందుకే కత్తెర మూస్తున్నప్పుడు రెండు అలుగులూ ఒక్కచోటే తగులుతూ, ఆ తగిలే చోటు మొదలు నుంచి మొన దాకా జరుగుతూ పోతుంది. కోత జరిగేది అక్కడే. లోపలి వైపుని చదును చేస్తే ఈ అమరిక పోతుంది. నేను చేసింది సరిగ్గా అదే. నా దర్జీ కత్తెర లోపలి వైపుని చెక్క మీద పరిచిన ఎమరీ పేపర్ మీద పెట్టి, అద్దంలా మెరిసేదాకా అరగదీశాను. మెరిసింది. తర్వాత గుడ్డ పెడితే కొయ్యలేదు, గుడ్డని మడిచి నమిలింది.

కాబట్టి లోపలి వైపు నూనె, 0000 నంబరు సన్న స్టీల్ వూల్, అంతే. గిన్నెలు తోమే పీచు దీనికి పనికిరాదు, మరీ గరుకు. రుద్దేటప్పుడు చెయ్యి ఎప్పుడూ అలుగు పొడవునే, పిడి నుంచి మొన వైపు పోవాలి. అడ్డంగా రుద్దొద్దు, వేళ్లు తెగుతాయి కూడా. స్క్రూ వెనక నెలవంకలా కాస్త ఉబ్బెత్తుగా ఉండే భాగం ఉంటుంది. అలుగుల్ని ఒకదాని మీదికి ఒకటి నెట్టేది అదే. దాన్ని గుడ్డతో తుడిచి వదిలెయ్యండి.

బయటి వైపు కాస్త ధైర్యం చెయ్యొచ్చు. నూనె పూసి, పాత బ్లేడుని దాదాపు పడుకోబెట్టి తోస్తే తుప్పు పెచ్చులు లేచిపోతాయి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. తేలికపాటి తుప్పయితే ఈ రుద్దే పద్ధతితోనే ముప్పాతిక పని అయిపోతుంది. చాలామంది ఓపిక లేక నేరుగా వెనిగర్ సీసా ఎత్తుతారు.

అప్పటికీ పోకపోతేనే స్నానం. లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మఉప్పు కలపండి. విప్పిన అలుగుల్ని పూర్తిగా మునిగేలా పెట్టండి. సగం మునిగితే నీటిమట్టం దగ్గర ఉక్కు మీద గీత పడుతుంది, అది ఇక పోదు. అరగంటకోసారి బయటికి తీసి టూత్‌బ్రష్‌తో రుద్ది చూడండి. తుప్పు వదలగానే తీసెయ్యాలి, ఎందుకంటే తుప్పు అయిపోయాక ఆమ్లం ఉక్కునే తింటుంది. వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది గానీ నెమ్మది, వాసన బోనస్. రంగు వేసిన పిడుల్ని, ఇత్తడి స్క్రూలని స్నానంలో వెయ్యకండి. ఇత్తడిలోని రాగి కరిగి ఉక్కు మీద గులాబీ మరకగా కూర్చోవచ్చు. రివెట్ కత్తెరకి అసలు స్నానమే వద్దు, సందులో చేరిన ఆమ్లాన్ని బయటికి రప్పించలేం.

బాత్‌రూమ్ కడిగే ఘాటు యాసిడ్ గురించి కొందరు అడిగారు. వద్దు. ఊపిరికి ప్రమాదం, పైగా దాని ఆవిరి ఆ గదిలో ఉన్న మిగతా ఇనుప సామాను మొత్తాన్ని తుప్పు పట్టిస్తుంది. బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తో గానీ ఏ ఆమ్లంతో గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

స్నానం నుంచి తీశాక మాత్రం ఫోన్ ఎత్తకండి. తడి ఉక్కు మీద నిమిషాల్లోనే కొత్త తుప్పు నారింజ రంగులో మొదలవుతుంది. మంచినీళ్లలో కడిగి, గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా వేసిన దాంట్లో ముంచి, మళ్లీ కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. స్క్రూ కన్నాన్ని మర్చిపోవద్దు. వేడి ఇంకా ఉండగానే కుట్టుమిషన్ నూనె పల్చగా పూసెయ్యండి. ఉక్కు బూడిద రంగుకి తిరిగితే కంగారు పడకండి, ఆమ్లం తగిలితే అంతే.

వారం రోజుల పని: కత్తెరని బిగించి, నూనె తుడిచేసి, ఒక పల్చటి గుడ్డని మొదలు నుంచి మొన దాకా కోసి చూడండి. ఎక్కడ నమిలిందో అలుగు మీద మార్కర్‌తో గుర్తు పెట్టి ఉంచండి. 4వ పాఠంలో స్క్రూ ఎంత బిగించాలో ఆ గుర్తు దగ్గర నుంచే మొదలుపెడదాం.