ఇళ్లు లేనివాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

చలి ముదిరితే వరంగల్ ఫుట్‌పాత్‌ల మీదికి కెమెరాలు కూడా వస్తాయి. బయలుదేరే ముందు:

– పిల్లల ముఖం, పేరు వద్దు. నీడ లేని పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తర్వాత బ్లర్ చేద్దామనుకోకండి, అసలు తీయకండి. రా ఫుటేజ్ ఎవరి ఫోన్‌లోకి పోతుందో చెప్పలేం.

– నిద్రలో ఉన్నవాళ్లను తీయొద్దు. దుప్పటి ముసుగు తన్నినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. పొద్దున చాయ్ దగ్గర అడగండి.

– యూట్యూబ్‌లో పెడతామని, సొంతూరి వాళ్లూ చూడొచ్చని విడమరిచి చెప్పండి. సరేనన్న మాటను రికార్డు చేసుకోండి. వేలిముద్ర కాగితం తీస్తే భయపడతారు, అదీ న్యాయమే.

– కాజీపేట, వరంగల్ స్టేషన్లలో రైల్వే అనుమతి తప్పనిసరి.

– డబ్బులు ముందే ఇవ్వకండి, మీకు నచ్చే కథే చెప్తారు.