లిబ్రేఆఫీస్‌లో ఒత్తులు చెదిరితే బగ్ ఎలా నమోదు చేయాలి?

నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా ఒంగోలులో అయినా డీటీపీ షాపుల ముందు ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ పేరెత్తండి, "అందులో తెలుగు సరిగ్గా రాదు" అంటారు. ఏ అక్షరం, ఏ ఫాంటులో, ఏ వెర్షన్‌లో రాలేదో రాసిచ్చేవాళ్లు మాత్రం అరుదు. రాసిస్తే చూసేవాళ్లున్నారు. పైసా కట్టక్కర్లేదు, కోడ్ రాయడం రానక్కర్లేదు.

ముందు తాజా వెర్షన్ వేసుకోండి. లిబ్రేఆఫీస్‌ను నడిపే సంస్థ డాక్యుమెంట్ ఫౌండేషన్. బగ్‌లను, అంటే సాఫ్ట్‌వేర్‌లోని తప్పులను, నమోదు చేసే వారి సైటు బగ్‌జిల్లాలో ఈమెయిల్‌తో ఖాతా తెరవండి. ఇదే బగ్ ఎవరైనా ఇదివరకే నమోదు చేశారేమో వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే మీ వివరం రాయండి.

అసలు అది బగ్గేనా? అను ఫాంట్లలో కొట్టిన పాత పెళ్లిపత్రిక వేరే కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల చెత్తగా కనిపిస్తే తప్పు లిబ్రేఆఫీస్‌ది కాదు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాదు, ఆ ఫాంటు లేనిచోట అలాగే కనిపిస్తాయి. హెల్ప్ మెనూలోంచి సేఫ్ మోడ్‌లో (మీ సెట్టింగులను పక్కనపెట్టి) తెరిచి చూడండి. అక్కడ బాగుంటే ఎక్కువగా తప్పు మీ సెట్టింగులదే. అదే వాక్యాన్ని అదే ఫాంటుతో ఫైర్‌ఫాక్స్‌లోనూ చూడండి. 2017లో వచ్చిన 5.3 నుంచి లిబ్రేఆఫీస్ అన్ని సిస్టమ్‌లలోనూ అక్షరాలను, ఒత్తులను హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌తోనే కూరుస్తుంది. ఫైర్‌ఫాక్స్ కూడా అంతే. రెండింటిలోనూ 'రాష్ట్రం' ఒకేలా విరిగితే ఎక్కువగా తప్పు ఫాంటుది, చెప్పాల్సింది ఫాంటు చేసినవాళ్లకు.

ఇక అందరూ చెడగొట్టేది నమూనా ఫైలు దగ్గరే. నలభై పేజీల దస్తావేజును ఉన్నదున్నట్టు జతచేసి "మూడో పేజీ చూడండి" అంటారు. ఎవరూ చూడరు. పైగా బగ్‌జిల్లాలో జతచేసింది లోకమంతా దించుకోవచ్చు. అమ్మినవాళ్ల ఆధార్ నంబరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు అన్నీ బయటపడతాయి.

కాబట్టి ఫైలుకు నకలు తీసి, అందులో సగం కొట్టేయండి. తప్పు ఇంకా కనిపిస్తోందా? మిగిలిన దాంట్లో మళ్లీ సగం. మాయమైతే అన్‌డూ చేసి రెండో సగం తీసేయండి. ఇలా ఒక్క వాక్యానికి దిగాలి. తర్వాత పేర్లను 'కావలి', 'కందుకూరు' లాంటి ఊళ్ల పేర్లతో మార్చండి. మార్చాక కూడా తప్పు కనిపించాలి, లేకపోతే ఆ పేరులోని ఒత్తే కారణం. అప్పుడు ఆ అక్షరాన్ని మాత్రమే ఉంచండి.

ఆ వాక్యాన్ని ఖాళీ ఫైల్లోకి ఫార్మాట్ లేకుండా పేస్ట్ చేసి కూడా చూడండి. అక్కడ సరిగ్గా వస్తే లోపం ఫార్మాటింగ్‌లో ఉంది, ఆ మాట కూడా రాయాలి. పంపేది నకలు ఫైలే అయితే ట్రాక్ ఛేంజెస్‌లోని (చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే సదుపాయం) మార్పులన్నీ అంగీకరించాలి. లేకపోతే కొట్టేశామనుకున్న పేర్లు ఫైల్లోనే దాగి ఉంటాయి. ఫైల్ మెనూ ప్రాపర్టీస్‌లో మీ పేరును కూడా తుడిచేయండి.

జతచేసే నమూనా ఫైలు ఓడీటీ (లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్) మాత్రమే. డాక్స్‌గా (వర్డ్ ఫార్మాట్) సేవ్ చేస్తే మార్పిడిలో వచ్చిన తప్పా, అసలు తప్పా తేలదు. డాక్స్ తెరిచినప్పుడే తప్పు వస్తోందంటే అప్పుడు మాత్రం ఆ డాక్సే కావాలి. మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టడం దండగ, స్క్రీన్‌షాట్ తీయండి. పక్కనే సరైన రూపం ఎలా ఉండాలో చూపించండి. చూసేవాళ్లకు తెలుగు రాదు, 'క్ష్మి' విరిగిందో లేదో వాళ్లకెలా తెలుస్తుంది?

వివరణ సులువైన ఇంగ్లిష్‌లో మూడు ముక్కలుగా రాయండి: ఏం చేస్తే వచ్చింది, ఏం కనిపించింది, ఏం కనిపించాలి. ఫాంటు పేరు తప్పనిసరి. అబౌట్ లిబ్రేఆఫీస్ కిటికీలో వెర్షన్ వివరాలు కాపీ చేసే బటన్ ఉంది, ఆ మొత్తం పేస్ట్ చేయండి. ఒక బగ్‌కు ఒకే తప్పు.

మొదట బగ్ స్థితి అన్‌కన్‌ఫర్మ్‌డ్‌గా (ఇంకా నిర్ధారణ కానిదిగా) ఉంటుంది. వేరొకరి దగ్గర కూడా అదే తప్పు వస్తే న్యూ అవుతుంది. నీడ్‌ఇన్ఫో అని మారితే మిమ్మల్ని ఏదో అడిగారని అర్థం. బదులివ్వకుండా నెలల తరబడి వదిలేస్తే మూసేస్తారు. బదులిచ్చాక స్థితిని మీరే తిరిగి అన్‌కన్‌ఫర్మ్‌డ్‌కు మార్చాలి.