ఏఆర్‌లో చూసి వీణ ఆర్డర్ చేస్తున్నారా? ఎదురయ్యే సమస్యలు - పరిష్కారాలు

బొబ్బిలి వీణలో కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. కొలత తేడా వస్తే తర్వాత సర్దడం కుదరదు. అందుకే తయారీదారు త్రీడీ మోడల్ పంపితే ముందే ఏఆర్‌లో చూసుకోవడం మంచిది (ఏఆర్ అంటే ఆగ్మెంటెడ్ రియాలిటీ: ఫోన్ కెమెరాలో వస్తువు మీ గదిలోనే ఉన్నట్టు చూపించేది). అయితే ఏఆర్‌ని నమ్మాల్సింది సైజు విషయంలోనే, అదీ సరిచూసుకున్నాకే.

సమస్య: వీణ గదిని మించిపోయింది, లేదా వేలెడంత కనిపిస్తోంది.
కారణం: యూనిట్ల గొడవ. ఆండ్రాయిడ్‌లో తెరుచుకునే జీఎల్‌బీ అనే త్రీడీ ఫైల్ ప్రతి అంకెనూ మీటర్లుగానే లెక్కేస్తుంది. సెంటీమీటర్లలో గీసిన వీణ 100 రెట్లు పెరుగుతుంది. ఐఫోన్ వాడే యూఎస్‌డీజెడ్ అనే త్రీడీ ఫైల్‌లో యూనిట్ రాయకపోతే సెంటీమీటరే అనుకుంటుంది కాబట్టి, మీటర్లలో గీసింది నూరో వంతుకు కుంచించుకుపోతుంది.
పరిష్కారం: వేళ్లతో లాగి సైజు సరిచేయకండి. అలా చేస్తే ఇక చూసి లాభమేంటి? మోడల్‌ని 100 శాతం దగ్గరే ఉంచి, పక్కన నేలమీద టేపు పరవండి. వీణ సుమారు నాలుగడుగులు ఉండాలి. లేకపోతే ఫైల్ మళ్లీ పంపమనండి.

సమస్య: వీణ జారిపోతోంది, గాల్లో తేలుతోంది.
కారణం: నున్నటి తెల్ల టైల్స్. కెమెరా పట్టుకోవడానికి మచ్చలో గీతలో కావాలి.
పరిష్కారం: పూల దుప్పటి పరిచి, లైటు వేసి, ఫోన్‌ని ఉన్నచోటే తిప్పకుండా మెల్లగా పక్కకు జరపండి.

సమస్య: ఏఆర్‌లో బాగానే ఉంది, ఒళ్లో మాత్రం కుదరలేదు.
కారణం: ఏఆర్ వీణను నేలమీద పడుకోబెడుతుంది. వాయించేటప్పుడు కుండ కుడిపక్క నేలమీద, సొరకాయ బుర్ర ఎడమ తొడమీద ఉంటాయి. ఎడమచెయ్యి దండి కిందుగా వచ్చి మెట్లు (తీగను నొక్కే చోట దండి మీదుండే అడ్డపట్టీలు) అందుకోవాలి. ఆ ఒంపు ఫోన్‌కి తెలియదు.
పరిష్కారం: మీ గురువుగారి వీణ పట్టుకుని కూర్చుని 24 మెట్లూ అందుతున్నాయో లేదో చూడండి. అందితే ఆ వీణ కొలతలే పంపండి. పిల్లలకైతే ఇది తప్పనిసరి.

సమస్య: రంగు, నాదం వేరుగా ఉన్నాయి.
కారణం: తెరమీది రంగు మోడల్ గీసినవాళ్లు ఎంచుకున్నది. వినిపించేది ఏదో వీణ రికార్డింగు, మీ దుంగది కాదు.
పరిష్కారం: పగటి వెలుతురులో తీసిన ఫొటో అడగండి. మీ శ్రుతి ముందే చెప్పి, తీగలు బిగించాక ప్రతి మెట్టు మీదా మీటిన వీడియో తెప్పించుకోండి. అమెరికాకో మరో దేశానికో పంపిస్తుంటే ఇంకో మాట: మెట్లు నిలిచేది మైనం మీద, వేడికి అవి కదలొచ్చు. అక్కడ మేళం కట్టేవాళ్లు (మైనం మీద మెట్లు మళ్లీ అమర్చేవాళ్లు) దొరుకుతారో లేదో డబ్బు కట్టకముందే వాకబు చేయండి.