పాత పికప్‌లో క్రౌన్ కూస్తోందా? సెకండ్ హ్యాండ్ క్రౌన్ పినియన్ వేటకు వెళ్లే ముందు

బండి వెనక నుంచి కూత వినపడగానే షెడ్డులో వచ్చే మొదటి మాట "క్రౌన్ పోయింది సార్, మార్చేయాలి". క్రౌన్ అంటే వెనక యాక్సిల్ మధ్య ఉన్న ఇనుప హౌసింగ్ లోపలి పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్. అది పోయి ఉండొచ్చు, కాదనను. కానీ క్రౌన్ మార్చడమంటే హౌసింగ్ ఊడదీయడం, ఆ తర్వాత సెట్టింగ్, దాని చుట్టూ రెండు రోజుల కిరాయి పోవడం. అంత పనికి దిగే ముందు అరగంట బండి నడిపి చూసుకోండి. ఇక్కడ చెప్పేది టాటా 207, పాత మహీంద్రా పికప్‌లు, జీపు వంశం నుంచి వచ్చిన క్యాంపర్ లాంటి బళ్ల గురించి. అంటే వెనక గట్టి యాక్సిల్, గేర్‌బాక్స్ నుంచి దానికి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, లీఫ్ స్ప్రింగులు ఉన్నవి.

యాక్సిలరేటర్ తొక్కితే కూస్తోంది, వదిలితే ఆగుతోంది

ఇది క్రౌన్ పినియన్ పళ్ళ మాటే. తొక్కినప్పుడు పళ్ళకి ఒక వైపు, వదిలినప్పుడు రెండో వైపు లోడు పడుతుంది కాబట్టి ఏ వైపు అరిగిందో శబ్దమే చెప్పేస్తుంది. అదే తిరగబడి, కాలు వదిలి బండి ఇంజిన్ బ్రేక్ మీద దిగుతున్నప్పుడు మాత్రమే కూత వస్తుంటే ముందు పినియన్ నట్టు చూడాలి. నట్టు లూజైనా, పినియన్ బేరింగ్ అరిగినా పినియన్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, ఆ షాఫ్ట్ బిగించే పినియన్ ఫ్లాంజ్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ, లోపలికీ బయటికీ ఊపండి. తిప్పితే కొంచెం ఆట ఉండటం మామూలే, అది పళ్ళ మధ్య ఖాళీ. ఊపితే కదిలిందంటే మాత్రం బేరింగ్ సంగతి. ఈ దశలో పట్టుకుంటే బేరింగ్‌తో పోతుంది, వదిలేస్తే క్రౌన్‌ని కూడా తినేస్తుంది.

తొక్కినా వదిలినా ఒకేలా గూయ్ మంటుంటే అది చక్రం బేరింగో, క్రౌన్ పక్క బేరింగో అయి ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకీ కుడికీ ఊగించండి, శబ్దం పెరిగి తగ్గితే చక్రం బేరింగే. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే శబ్దం మారిపోతే టైరు. దీనికి క్రౌన్ మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు.

గేరు వేయగానే వెనక ఠక్‌మంటోంది

ఎక్కువసార్లు ఇది ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలో ఉండే యూజే క్రాస్, లేదంటే షాఫ్ట్ పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్. అవి బాగుంటే డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాల్నీ వేరువేరు వేగంతో తిరగనిచ్చేది) లోపలి చిన్న గేర్లు, అంటే స్టార్ పినియన్లు, వాటి పిన్ను, వాషర్లు. క్రౌన్ ఆఖరున అనుమానించాలి. మలుపులో మాత్రమే కటకటమంటే కూడా ఈ స్టార్ గేర్లు, వాటితో కలిసి తిరిగే సన్ గేర్లే. అవి విడిగా దొరుకుతాయి, క్రౌన్ జోలికి వెళ్లక్కర్లేదు.

నెమ్మదిగా వెళ్తుంటే టక్ టక్‌మని లెక్కగా కొడుతోంది

పన్ను విరిగింది. ఏ గేరుదో బయటి నుంచే తెలుసుకోవచ్చు. 70 సెంటీమీటర్ల ఎత్తు టైరు ఒక చుట్టులో 2.2 మీటర్లు వెళ్తుంది, అంటే గంటకు 8 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఒక చుట్టు. ఆ వేగంలో సెకనుకు ఒక్క టక్ వస్తే క్రౌన్ పన్ను, నాలుగైదు వస్తే పినియన్ పన్ను. ఈ శబ్దంతో మాత్రం లోడు వేసుకుని తిరగొద్దు. విరిగిన ముక్క మిగతా పళ్ళ మధ్యకి వెళ్తే వెనక చక్రాలు నడిరోడ్డు మీద పట్టేస్తాయి.

ఎందుకు పోయింది? ముందు ఇది తేల్చండి

కొనే తొందరలో అందరూ దాటేసేది ఇదే. డ్రెయిన్ నట్టు విప్పి ఆయిల్ శుభ్రమైన ట్రేలో పట్టండి. నట్టుకున్న అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద మెత్తగా అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల, కంగారు లేదు. వేళ్ల మధ్య గుచ్చుకునే రేకులు, ముక్కలు ఉంటే లోపల ఏదో పగిలింది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్లు వెళ్లాయి: చెరువు గట్టు దగ్గర, వరద నీళ్లలో, చేలో బండి దించినప్పుడు వేడి హౌసింగ్ చల్లబడుతూ నీళ్లని లోపలికి పీలుస్తుంది.

హౌసింగ్ మీద ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది. పాత బళ్లలో అది మట్టితో మూసుకుపోయి ఉంటుంది, ఎవరూ దాని వైపు చూడరు. గాలి పోయే దారి లేక వేడికి లోపల ప్రెషర్ పెరిగి పినియన్ సీలు దగ్గరా యాక్సిల్ సీళ్ల దగ్గరా ఆయిల్ బయటికి తోస్తుంది, సీలు మారుస్తారు, మళ్లీ లీకవుతుంది, ఒక రోజు ఆయిల్ లేక క్రౌన్ నీలం రంగుకి తిరుగుతుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా ఇంకో క్రౌన్ వేస్తే అదీ అదే దారి పడుతుంది. ఇంజిన్ ఆయిల్‌తోనో, చవకగా దొరికిన ఏదో గేర్ ఆయిల్‌తోనో నింపిన బళ్లదీ ఇదే కథ. ఈ క్రౌన్ పినియన్లు హైపాయిడ్ రకం, వీటిలో పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి, వాటికి జీఎల్-5 రకం గేర్ ఆయిలే కావాలి. చిక్కదనంలో 80డబ్ల్యూ-90 వేయాలా 85డబ్ల్యూ-140 వేయాలా అన్నది బండి మాన్యువల్ చూసి వేసుకోండి.

ఏ రేషియో కావాలో తెలియకుండా బయల్దేరొద్దు

"ఫలానా బండి క్రౌన్ ఇవ్వండి" అని అడిగితే ఇస్తారు, కానీ అదే హౌసింగ్‌లో రెండు మూడు రేషియోలు వచ్చి ఉంటాయి. జనం ఎక్కే బండికి ఒకటి, లోడు బండికి ఇంకొకటి. రేషియో అంటే క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చే అంకె. లోపలి గేర్లు చేతిలో ఉంటే పళ్ళు లెక్కపెట్టడమే: క్రౌన్ 41, పినియన్ 10 అయితే 4.10. క్రౌన్ 41, పినియన్ 11 అయితే 3.73. పాత విల్లీస్ జీపుల్లో 43కి 8, అంటే 5.38 ఉండేది. అందుకే అవి గుట్టలెక్కేవి కానీ హైవే మీద ఇంజిన్ గగ్గోలు పెట్టేది.

బండి విప్పకుండా తెలుసుకోవాలంటే ఒక వెనక చక్రం నేల మీదే ఉంచి, దానికి రాళ్లు అడ్డం పెట్టి, రెండోది జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ తీసేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద చాక్‌పీస్‌తో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నాలుగు చుట్లు దాటి ఇంకొంచెం తిరిగితే 4.10 దగ్గర, దాదాపు అయిదైతే 4.88 దగ్గర. రెండు చుట్లు ఎందుకంటే ఒక చక్రం ఆగి ఉంటే రెండోది డిఫరెన్షియల్ వల్ల రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఒక్క చుట్టు తిప్పి లెక్కేసి సగం రేషియో చెప్పేవాళ్లు కౌంటర్ దగ్గర కనపడుతూనే ఉంటారు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు, వెనక రేషియో ఒకటే ఉండి తీరాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన మొదటి గట్టి రోడ్డు మీదే ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మూలుగుతుంది. అలాగే ముందు యాక్సిల్ గేర్లు చూడ్డానికి అదే సైజులో ఉన్నాయని వెనక వేయొద్దు. కొన్ని బళ్లలో వాటి పళ్ళ మెలిక తిరగేసి ఉంటుంది.

ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి

విజయవాడ జవహర్ ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్, గుంటూరు ఆటోనగర్, హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర ఆటోనగర్. మనవాళ్లకి ముందు గుర్తొచ్చేవి ఇవే. ఇక్కడ దొరక్కపోతే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి దాకా ఫోన్లు వెళ్తాయి. అయితే వెళ్లే ముందు కొత్త క్రౌన్ పినియన్ జత ధర కనుక్కోండి. బొలెరో పికప్ లాంటివి ఇంకా తయారవుతున్నాయి కాబట్టి వాటి సరుకు షాపుల్లో ఉంటుంది. బేరింగులు, సీళ్లు, కూలీ కలిపి లెక్కేస్తే పాతది కొన్నందుకు మిగిలేది ఒక్కోసారి పెద్దగా ఉండదు. సెకండ్ హ్యాండ్‌కి అర్థం ఉండేది ఆగిపోయిన మోడళ్లకి, లేదా హౌసింగ్ మొత్తం కావాల్సినప్పుడు.

నా మాట వింటే విడి క్రౌన్ పినియన్ కొనకండి. ముందు వైపు బోల్టులు విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చే రకమైతే ఆ ముక్క మొత్తం కొనండి. జీపు వంశం బళ్లలాగా వెనక కవరు ఉండి, గేర్లు హౌసింగ్‌లోనే కూర్చునే రకమైతే వీలైతే హౌసింగ్‌తో సహా తెచ్చుకోండి, బరువైనా సరే. కంపెనీలో చేసిన సెట్టింగ్ చెదరకుండా వస్తుంది. కలిసి అరిగిన పళ్ళు అదే చోట కూర్చుంటేనే నోరు మూసుకుని ఉంటాయి, సిమ్ము (గేరు స్థానం సర్దే పల్చటి రేకు) కొంచెం మారినా కూత మొదలవుతుంది.

విడిగానే దొరికితే, కౌంటర్ మీద డీజిల్‌తో కడిగించి, ఫోన్ లైటు పక్క నుంచి వేసి ఒక్కో పన్నూ చూడండి. బాగున్న పన్ను మధ్యలో సన్నటి మెరుపు ఉంటుంది, అంచులు గుండ్రంగా, పూర్తిగా ఉంటాయి. పన్ను మీద సూది గుచ్చినట్టు గుంటలుంటే లోడుకి అలసిపోయిన ఇనుము. పైనుంచి కిందికి గీతలుంటే ఆయిల్ లేకుండా తిరిగింది. నీలం, ఊదా ఛాయ కనపడితే కాలింది, బేరం ఆడకుండా లేచి రండి. గోరు పన్ను మీద అడ్డంగా లాగితే మెట్టు తగిలినా వద్దు. తుప్పు పైపైన ఉంటే ఫర్వాలేదు, పళ్ళు కలిసే చోట గుంట తేలిన తుప్పు ఉంటే పనికిరాదు. పినియన్ మీద బేరింగ్ కూర్చునే చోట కూడా చూడండి, బేరింగ్ తిరిగిపోయి మెడ సన్నబడి ఉంటే ఎంత బాగున్న పళ్ళైనా దండగ.

తర్వాత నంబర్లు. క్రౌన్ అంచు మీద, పినియన్ మొహం మీద ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. రెండూ కలవకపోతే అది జత కాదు, రెండు బళ్ల నుంచి తెచ్చి తీగతో కట్టింది. "ఏం కాదు సార్, నడుస్తుంది" అంటారు. నడుస్తుంది, కూస్తూ. పళ్ళ సంఖ్య కలిసినంత మాత్రాన జత అయిపోదు, ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రుద్ది కూర్చోబెడతారు.

ఇంకా బండికే ఉండగా దొరికితే అదృష్టం. విప్పక ముందే డయల్ గేజ్ పెట్టి బ్యాక్‌లాష్, అంటే పళ్ళ మధ్య ఖాళీ, కొలిచి రాసుకోండి. ఎడమ సిమ్ములు, కుడి సిమ్ములు వేరువేరు కవర్లలో వేయించండి, బేరింగ్ క్యాపుల మీద పంచ్ గుర్తు కొట్టించండి. ఆ క్యాపులు ఏ వైపువి ఆ వైపే, తిరగేసి బిగిస్తే బేరింగ్ నలుగుతుంది.

బిగించాక కూస్తోంది, కాలుతోంది, కారుతోంది

కూత: పళ్ళకి మార్కింగ్ బ్లూ గానీ వేరే రంగు గానీ పూసి, క్రౌన్‌ని చేత్తో ఆపి పట్టి పినియన్ తిప్పి ముద్ర చూడండి. ముద్ర పన్ను అడుగుకి పడితే పినియన్ మరీ లోపలికి వెళ్లింది, పన్ను పై అంచుకి పడితే బయట ఉండిపోయింది. పన్ను పొడవులో లోపలి కొసకో బయటి కొసకో పడుతుంటే బ్యాక్‌లాష్ సర్దాలి. జీపు తరహా యాక్సిళ్లలో చాలావరకు 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కానీ పాత గేర్లకి పుస్తకంలోది కాదు, విప్పే ముందు రాసుకున్న కొలతే పెట్టండి. ఆ యాక్సిళ్లలో పినియన్ మొహం మీద +3, -2 అని ఉంటుంది, అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. మీ పాత పినియన్ మీద 0 ఉండి తెచ్చిన దాని మీద +3 ఉంటే పినియన్ సిమ్ము 0.003 అంగుళం, అంటే దాదాపు 0.08 మిల్లీమీటర్లు తగ్గించాలి. మెకానిక్ ఈ నంబరు చూడకుండా "పాత సిమ్మే వేసేద్దాం" అన్నాడంటే వేరే మెకానిక్‌ని వెతుక్కోండి.

పది కిలోమీటర్లు తిరిగేసరికి పినియన్ మూతి దగ్గర చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే నట్టు ఎక్కువ బిగించారు. బేరింగ్‌లు పాతవైతే కొత్తవాటికి చెప్పిన బిగువులో దాదాపు సగమే ఇవ్వాలి. బేరింగ్‌ల మధ్య నలిగే స్లీవ్ ఉన్న రకమైతే ఒకసారి ఎక్కువ నలిగాక నట్టు వెనక్కి తిప్పి సరిచేయడం కుదరదు, కొత్త స్లీవ్ వేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. నట్టు కూడా కొత్తదే వేయించండి.

లీకు: సీలు కొత్తదైనా ఫ్లాంజ్ మీద సీలు ఆనే చోట గాడి పడి ఉంటే ఆగదు. ఫ్లాంజ్ మార్చాలి.

స్పీడోమీటర్ తప్పు చూపిస్తోందా? చాలా పాత బళ్లలో దాని కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది, రేషియో మారితే రీడింగ్ మారుతుంది. 4.10 తీసి 4.88 వేస్తే మీటరు 60 చూపించినప్పుడు మీరు వెళ్తున్నది దాదాపు 50. లోడు సులువుగా లాగుతోందని సంతోషపడేలోపు డీజిల్ లెక్క చూసుకోండి.

మొదటి వారం నిండు లోడు వద్దు, నెమ్మదిగా నడిపి మధ్య మధ్యలో ఆపి హౌసింగ్ చల్లబడనివ్వండి. 500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ దింపి అయస్కాంతం చూసి, కొత్త ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా, బండి చదునుగా ఉన్నప్పుడు నింపండి.